అబద్ధమాడే సెన్సర్: డీజిల్ కారులో గాలి లెక్క

ఎడ్మంటన్‌కి కొత్తగా వచ్చిన తెలుగువాళ్ళు మొదటి చలికాలంలో తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. "ఇక్కడ కార్లన్నిటికీ ముక్కులోంచి ఆ వైరెందుకు వేలాడుతోంది? అన్నీ కరెంటు కార్లేనా?" కావు. అది ఇంజన్ దిమ్మని రాత్రంతా వెచ్చగా ఉంచే హీటరు తాలూకు ప్లగ్గు. మైనస్ ముప్ఫైలో ఆరుబయట పెట్టిన కారు పొద్దున్నే కదలాలంటే రాత్రి దానికి ఆ వైరు తగిలించాల్సిందే. డీజిల్ కారైతే మరీను. నాది డీజిల్ కారు, 1.9 లీటర్ల నాలుగు సిలిండర్ల టర్బో ఇంజను. లీటరుకి ఎక్కువ దూరం వస్తుందని చవగ్గా చేతులు మారిన బండిని కొనుక్కున్నాను. ఈ వ్యాసం దాని గురించే. అయితే ఇది కార్ల పిచ్చి ఉన్నవాళ్ళకోసం రాసింది కాదు. లాగ్ ఫైళ్ళు చదువుతూ బతికే మనలాంటివాళ్ళకి ఇందులో పనికొచ్చే సంగతి ఉందని నా నమ్మకం.

2023 జనవరిలో ఒక శనివారం మా అత్తగారినీ మామగారినీ తీసుకురావడానికి ఎయిర్‌పోర్టుకి బయలుదేరాం. వెనక సీట్లో మా అమ్మాయి నిద్రపోతోంది. ఆంథొనీ హెండే డ్రైవ్ మీంచి దక్షిణంగా వెళ్ళే హైవే 2 లోకి దిగే చోట కాలు పూర్తిగా కిందకి తొక్కాను. బండి ఉలకలేదు. ఎనభై దగ్గర ముక్కుతూ మూలుగుతూ నిలబడిపోయింది. వెనకాల చమురు బావుల సామాను మోసుకెళ్ళే పెద్ద ట్రక్కు, దాని వేగం నూటపది. వాడు హారన్ కొట్టి పక్క లేన్‌లోకి తప్పుకున్నాడు గాని, ఆ లేన్‌లో మరొకడు ఉండి ఉంటే ఈ వ్యాసం వేరే ఎవరైనా రాయాల్సి వచ్చేది. మా ఆవిడ ఆ పూట ఏమీ అనలేదు. ఇంటికొచ్చాక మాత్రం "ఈ బండిలో ఇంక పిల్లని ఎక్కించను" అంది.

చిత్రమేమిటంటే డ్యాష్‌బోర్డు మీద ఒక్క లైటు కూడా వెలగలేదు. పొగ లేదు, వింత శబ్దం లేదు. ఊళ్ళో నలభై, యాభైలో తిరిగితే బంగారంలా నడుస్తుంది. బలం కావలసిన చోట మాత్రం బలం లేదు.

మొదటి రెండు తీర్పులు

జనవరిలో ఎడ్మంటన్‌లో డీజిల్ బండికి ఏ జబ్బు వచ్చినా మొదటి అనుమానం చలి మీదే. డీజిల్‌లో మైనం లాంటి పదార్థం ఉంటుంది. చలి ముదిరితే అది గడ్డకట్టి ఫిల్టరుకి అడ్డం పడుతుంది. అందుకే ఇక్కడ చలికాలానికి వేరే రకం డీజిల్ అమ్ముతారు. నేను వెళ్ళిన మొదటి గ్యారేజీ అతను ఫిల్టరు మార్చి పంపించాడు. తేడా లేదు. మార్చిలో మంచు కరగడం మొదలైనా తేడా లేదు. దాంతో ఆ అనుమానం దానంతటదే కొట్టుకుపోయింది.

రెండో గ్యారేజీ కాస్త పెద్దది. వాళ్ళు కంప్యూటరు తగిలించి, రోడ్డు మీద నడిపి చూసి, టర్బో పీడనం రావలసినంత రావడం లేదన్నారు. టర్బో మార్చాలి, దాదాపు రెండు వేల ఎనిమిది వందల డాలర్లు, పన్ను అదనం. "గాలి కొలిచే సెన్సర్ ఏమైనా పోయిందా?" అని ఎక్కడో చదివిన జ్ఞానంతో అడిగాను. "చూశాం, అడిగిన విలువా ఉన్న విలువా సరిగ్గా సరిపోతున్నాయి" అన్నాడు. కారు ఖరీదే ఐదు వేలు. ఆలోచించి చెప్తానని వచ్చేశాను.

ఆ తరవాత వారం ఉగాది పాట్‌లక్‌లో మిల్‌వుడ్స్‌లో ఉండే ఒక మిత్రుడు కలిశాడు. రాజమండ్రివాడు, మెకానికల్ ఇంజనీరు, నాకన్నా పదేళ్ళు పెద్ద. పులిహోర ప్లేటు పట్టుకుని కథంతా విన్నాడు.

"ఆ రెండు విలువలూ సరిపోయాయన్నాడే, బండి ఎలా ఉన్నప్పుడు చూశాడు? నడుపుతుంటేనా, నిలబెట్టా?"

"నిలబెట్టే చూశాడనుకుంటానండీ. షెడ్డులోనే తెర మీద చూపించాడు."

"మరింకేం, సరిపోక ఏం చేస్తాయి? సరిపోయేలా చూడ్డమే దాని ఉద్యోగం. పోయి మీ ఇంటి థర్మోస్టాట్ చూడు, నీకే తెలుస్తుంది" అన్నాడు. అని, పాయసం కోసం వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. థర్మోస్టాట్‌కీ దీనికీ ఏమిటి సంబంధం?

డీజిల్ ఇంజనుకి గాలి లెక్క ఎందుకు?

పెట్రోలు కారులో మనం కాలు తొక్కితే గాలిగొట్టంలో ఒక రెక్క తెరుచుకుంటుంది. గాలి లోపలికి పోతుంది, దానికి తగ్గ పెట్రోలు కంప్యూటరు కలుపుతుంది. అంటే కాలు అడిగేది గాలిని. డీజిల్‌లో తలకిందులు. గాలికి అడ్డు లేదు, ఎంత పడితే అంత వెళ్తుంది. కాలు అడిగేది ఇంధనాన్ని. ఉన్న గాలికి మించి ఇంధనం పోస్తే కాలనిదంతా నల్లపొగగా వెనకనుంచి వస్తుంది.

మా చిన్నప్పుడు విజయవాడలో తిరిగిన డీజిల్ అంబాసిడర్లు గుర్తున్నాయి కదా. వాటిలో కంప్యూటరు లేదు, సెన్సర్లు లేవు, పంపు మీద ఒక మర. ఆటోనగర్‌లో మేస్త్రీ ఆ మర కాస్త తిప్పితే బండికి ఊపొస్తుంది, వెనకున్న స్కూటరు వాడికి దగ్గొస్తుంది. అందులో ఒక సుఖం ఉంది. ఏ తప్పు జరిగినా పొగ రంగు చూసి చెప్పేసేవారు. ఇవాళ్టి డీజిల్ ఆ సాక్ష్యాన్ని మిగల్చదు. దాని కంప్యూటరులో, అంటే ఈసీయూలో, ఒక పట్టిక ఉంటుంది: ఇంత గాలికి, ఇన్ని చుట్లకి, పొగ రాకుండా పొయ్యగలిగిన ఇంధనం ఇంత. దాన్ని పొగ పరిమితి అనుకుందాం. మన భాషలో రాస్తే ఇలా ఉంటుంది.

ఇంధనం = కనిష్ఠం (కాలు అడిగింది, పొగ పరిమితి ఒప్పుకున్నది)

అసలు ప్రోగ్రాములో ఇంకా నాలుగైదు పరిమితులుంటాయి గాని మనకి ఇది చాలు. ఇప్పుడు గాలి కొలిచే సెన్సర్ ఉన్నదానికన్నా తక్కువ చెప్పిందనుకోండి. ఈసీయూ నమ్ముతుంది. పొగ పరిమితి కిందకి దిగుతుంది. కాలు ఎంత తొక్కినా ఇంధనం అక్కడే ఆగిపోతుంది. పొగ రాదు, ఎందుకంటే గాలి నిజానికి ఎక్కువే ఉంది. లైటు వెలగదు, ఎందుకంటే సెన్సర్ చెప్పిన అంకె సాధ్యమైన హద్దుల్లోనే ఉంది. ఏ ఎక్సెప్షనూ రాకుండా తప్పు సమాధానం తిరిగిచ్చే ఫంక్షన్ ఎంత ప్రమాదమో మీకు చెప్పక్కరలేదు.

పెట్రోలు కారులో ఇదే సెన్సర్ ఇదే అబద్ధం చెప్తే దొరికిపోతుంది. పొగగొట్టంలో ఆక్సిజన్ సెన్సర్ ఒకటి కూర్చుని, మిగిలిన ఆక్సిజన్ చూసి "లెక్క తప్పిందిరోయ్" అని అరుస్తుంది. ఈసీయూ ఇంధనం సవరించుకుంటూ పోయి, సవరణ మరీ ఎక్కువైతే లైటు వేస్తుంది. నా కారు తరం డీజిళ్ళలో ఆ రెండో సాక్షి లేడు. కొత్తవాటిలో చాలామటుకు ఉన్నాడు.

థర్మోస్టాట్ సంగతి

గోడమీద థర్మోస్టాట్‌ని 21 డిగ్రీలకి పెట్టామనుకోండి. దాని లోపలి థర్మామీటరు చెడిపోయి మూడు డిగ్రీలు తక్కువ చూపిస్తోంది. ఏమవుతుంది? అది 21 చూపించేదాకా ఫర్నేసు మండుతూనే ఉంటుంది. చివరికి తెర మీద "కోరినది 21, ఉన్నది 21". రెండూ సరిగ్గా సరిపోయాయి. ఇల్లు మాత్రం 24. థర్మోస్టాట్ తెర చూసి థర్మామీటరు బాగుందని సర్టిఫికెట్ ఇవ్వలేం, ఆ రెండంకెల్నీ కలపడానికే కదా ఫర్నేసు మండింది. అబద్ధం బయటపడేది గ్యాసు బిల్లులో.

నిలబడి ఉన్న డీజిల్ ఇంజనులో ఆ ఫర్నేసు పేరు ఈజీఆర్. పొగగొట్టంలోంచి కాస్త కాలిన వాయువుని మళ్ళీ లోపలికి పంపే కవాటం అది. నైట్రోజన్ ఆక్సైడ్లు తగ్గడానికి పెట్టారు. కాలిన వాయువు ఎక్కువ పంపితే తాజా గాలికి చోటు తగ్గుతుంది. కాబట్టి ఈసీయూ "తాజా గాలి ఇంత ఉండాలి" అని ఒక అంకె పెట్టుకుని, గాలి సెన్సర్‌ని చూస్తూ, ఆ అంకె వచ్చేదాకా కవాటాన్ని తెరుస్తూ మూస్తూ ఉంటుంది. సెన్సర్ తక్కువ చెప్తే "అయ్యో, గాలి చాలట్లేదు" అని కవాటం ఇంకొంచెం మూస్తుంది. అసలు గాలి పెరుగుతుంది, చూపే గాలి కోరినదానికి సమానమవుతుంది. గ్యారేజీ అతను చూసిన సమానత్వం ఇదే. ఆ తెరమీదే పక్క గడిలో ఉన్న ఈజీఆర్ శాతం చూసి ఉంటే, అది మామూలుకన్నా తక్కువగా ఉండటం కనిపించేది. అదీ గ్యాసు బిల్లు.

అంటే నిలబెట్టి చూసే పరీక్షలో గాలి సెన్సర్ ఎప్పుడూ పాసవుతుంది. దాన్ని పట్టుకోవాలంటే ఈజీఆర్ పూర్తిగా మూసి ఉండే చోట, అంటే కాలు పూర్తిగా తొక్కిన చోట పట్టుకోవాలి. పట్టుకోవడానికి ఇంకో కొలత కావాలి. ఆ కొలతకి గాలి సెన్సర్‌తో ఏ చుట్టరికమూ ఉండకూడదు.

వేడి తీగ కథ, క్లుప్తంగా

ఈ సెన్సర్ పనిచేసే తీరుకి మూలం కెనడాలోనే ఉండటం నాకు సరదాగా అనిపించింది. మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన లూయీ వెసో కింగ్ అనే భౌతికశాస్త్రవేత్త, వేడిచేసిన సన్నటి తీగ మీంచి గాలి పారితే ఎంత వేడి పోతుందో 1914లో లెక్కకట్టి చూపించాడు. పోయే వేడి గాలి వేగానికి వర్గమూలంగా పెరుగుతుంది, దానికి ఒక స్థిరాంకం కలుపుకోవాలి. గాలి పలచబడితే పోయే వేడీ తగ్గుతుంది కాబట్టి, ఈ పద్ధతి గాలి పరిమాణాన్ని కాక నేరుగా ద్రవ్యరాశిని కొలుస్తుంది. ఇంజనుకి కావలసిందీ అదే. మైనస్ ముప్ఫైలో లీటరు గాలి, ప్లస్ ముప్ఫైలో లీటరు గాలికన్నా దాదాపు పాతిక శాతం బరువు.

ఇప్పటి కార్లలో తీగ స్థానంలో చిప్పు మీద పల్చటి పొర ఉంటుంది. మధ్యలో చిన్న హీటరు, అటూ ఇటూ ఉష్ణోగ్రత కొలిచే బిందువులు. దానిమీద దుమ్ము, నూనె పేరుకుంటే దుప్పటి కప్పినట్టే. వేడి పోదు. ఇక్కడ ఆ వర్గమూలం మన మీద పగ తీర్చుకుంటుంది. పోయే వేడి ఐదో వంతు తగ్గితే, సెన్సర్ దాన్ని వెనక్కి వర్గం చేసి గాలిగా మార్చేటప్పుడు 0.8 కాస్తా 0.64 అవుతుంది. చిప్పు రకం సెన్సర్లలో లెక్క అచ్చం ఇదే కాదు గాని, పోకడ ఇదే. ధారాళంగా గాలి పారేటప్పుడు తప్పు పెద్దదవుతుంది. గాలి అసలు కదలనప్పుడు తప్పే ఉండదు. నా సెన్సర్ తీగ మీద మల్టీమీటరు పెట్టి, ఇంజను ఆపి తాళం మాత్రం తిప్పి చూస్తే, ఉండవలసిన ఒక వోల్టు బుద్ధిగా ఉంది. సున్నా ఇస్తే సున్నా వస్తోందని ఫంక్షన్ సరైనదని తేల్చేసే యూనిట్ టెస్టుతో సమానం అది.

సాక్షుల్ని ముందు పరీక్షించాలి

ఇంజను ఒక పెద్ద పంపు. ఒక్కో రెండు చుట్లకీ 1.9 లీటర్లు మింగుతుంది. ఎన్ని చుట్లు తిరుగుతోందో తెలుసు. లోపలికి పోయే గాలి పీడనం, ఉష్ణోగ్రత కొలిచే సెన్సర్లు వేరే ఉన్నాయి. వాటితో గాలి బరువు మనమే కట్టుకోవచ్చు. హైస్కూల్లో చదువుకున్న వాయు సమీకరణమే:

సాంద్రత = పీడనం ÷ (287 × ఉష్ణోగ్రత)

పీడనం పాస్కల్స్‌లో, ఉష్ణోగ్రత కెల్విన్‌లో వేస్తే, ఘనపు మీటరుకి కిలోలు వస్తుంది. లీటరుకి గ్రాములు అన్నా అంకె అదే.

ఈ అంకెలన్నీ బయటికి తియ్యడం తేలిక. అమెరికాలో 1996 మోడళ్ళ నుంచి, కెనడాలో 1998 మోడళ్ళ నుంచి కార్లలో ఓబీడీ-2 సాకెట్ తప్పనిసరి. స్టీరింగ్ కింద ఉంటుంది. దానికీ ల్యాప్‌టాప్‌కీ మధ్య అనువాదం చేసే ఈఎల్ఎం327 అనే చిప్పుని తయారుచేసిన ఎల్మ్ ఎలక్ట్రానిక్స్ కూడా కెనడా సంస్థే. 2022లో మూసేశారు, కాని దాని నకళ్ళు వీధి వీధినా దొరుకుతాయి. నా దగ్గరున్నదీ నకలే. సీరియల్ పోర్టు తెరిచి 0110 అని పంపితే గాలి ప్రవాహం చెప్తుంది. సమాధానం 41 10 11 94 అని వచ్చిందనుకోండి, మొదటి రెండూ మన ప్రశ్నకి ప్రతిధ్వని. తరవాతవి హెక్స్‌లో విలువ. 17ని 256తో గుణించి 148 కలిపితే 4500, దాన్ని వందతో భాగిస్తే సెకనుకి 45 గ్రాములు. పైథాన్‌లో నలభై లైన్ల స్క్రిప్టు సరిపోయింది. పాతకాలపు కారు కాబట్టి సెకనుకి నాలుగైదు సమాధానాలకి మించి రావు. నాలుగు సెన్సర్లనీ ఒకే క్షణంలో చదవలేం కాబట్టి ప్రతిదానికీ టైమ్‌స్టాంపు వేసి తరవాత మధ్య విలువలు కట్టుకోవాలి. ఇది మర్చిపోయి మొదటిరోజు అంతా అవకతవక గ్రాఫులు గీసుకున్నాను.

లెక్కలోకి దిగేముందు నా కొత్త సాక్షులు నిజాయితీపరులో కాదో చూడాలి కదా. రాత్రంతా హీటరు తగిలించకుండా వదిలేసిన కారులో పొద్దున్నే తాళం తిప్పి చూస్తే, ఉష్ణోగ్రతలన్నీ బయటి ఉష్ణోగ్రత దగ్గరే ఉన్నాయి. మంచిది. ఇంజను తిరగనప్పుడు పీడనం సెన్సర్ వాతావరణ పీడనం చూపించాలి. అది 93 కిలోపాస్కల్స్ అంటోంది. ప్రభుత్వ వాతావరణ శాఖ వెబ్‌సైటు చూస్తే 101.8! "దొరికాడు దొంగ, పీడనం సెన్సరే పోయింది" అని మిత్రుడికి ఫోన్ చేశాను. ఆయన చాలాసేపు నవ్వి, "ఎడ్మంటన్ సముద్రమట్టానికి ఎంత ఎత్తులో ఉందయ్యా?" అన్నాడు. సుమారు 670 మీటర్లు. వాతావరణ శాఖవాళ్ళు అన్ని ఊళ్ళనీ పోల్చడానికి వీలుగా సముద్రమట్టానికి సవరించిన అంకె వేస్తారు. అసలు పీడనం 93 చుట్టుపక్కలే ఉండాలి. సాక్షి సత్యహరిశ్చంద్రుడు, పోలీసుకే లెక్క రాదు.

ఒక హెచ్చరిక. పీడనం, ఉష్ణోగ్రత కొలిచే చోటు కారు కారుకీ మారుతుంది. నా కారులో ఆ రెండూ గాలి చల్లబడే ఇంటర్‌కూలర్ దాటాక ఉన్నాయి కాబట్టి ఈ లెక్క కుదిరింది. కొన్ని కార్లలో ఓబీడీ చెప్పే ఉష్ణోగ్రత గాలి ఫిల్టరు దగ్గరది. అది వాడితే లెక్క చెడుతుంది.

హైవే మీద

ఏప్రిల్ మొదటివారంలో ఆదివారం పొద్దున్నే, రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు, మూడో గేరులో కాలు పూర్తిగా తొక్కి 2000 చుట్ల నుంచి 3500 దాకా మూడుసార్లు లాగాను. ల్యాప్‌టాప్ మూత దించి వెనక సీట్లో పడుకుంది. ఫైల్లోకి రాసుకోవడం దాని పని. నడుపుతూ తెర చూడటం 2011 నుంచి ఆల్బర్టా చట్టం ప్రకారం నేరం, చట్టం లేకపోయినా బుద్ధితక్కువ.

ఇంటికొచ్చి 3000 చుట్ల దగ్గర అంకెలు తీశాను. పీడనం 170 కిలోపాస్కల్స్, ఉష్ణోగ్రత 30 డిగ్రీలు అంటే 303 కెల్విన్. సాంద్రత లీటరుకి 1.95 గ్రాములు. ఇంజను మింగే పరిమాణం: సెకనుకి 50 చుట్లు, రెండు చుట్లకి 1.9 లీటర్లు, అంటే సెకనుకి 47.5 లీటర్లు. గుణిస్తే 93 గ్రాములు. నిజం ఇంజను పూర్తిగా నిండదు. ఇలాంటి ఇంజను ఎనభై నుంచి తొంభై శాతం దాకా నిండుతుందనుకోవచ్చు. కాబట్టి గాలి 74కీ 84కీ మధ్య ఉండాలి.

గాలి సెన్సర్ చెప్పింది 52.

మూడు పరుగుల్లోనూ అదే. నిండే శాతం గురించి నా ఊహ ఎంత తప్పయినా 52 రాదు. అలా రావాలంటే ఇంజను 56 శాతమే నిండాలి.

అయితే ఇక్కడే తొందరపడకూడదు. ఈ అంకెలకి మూడు వివరణలున్నాయి. సెన్సర్ అబద్ధం చెప్తూ ఉండవచ్చు. సెన్సర్‌కీ టర్బోకీ మధ్య గొట్టం చీలి, కొలవని గాలి దొంగదారిన లోపలికి పోతూ ఉండవచ్చు. లేదా ఈజీఆర్ మసి, ఇంజను నూనె ఆవిరి కలిసి లోపలి గొట్టాల్లో తారులా పేరుకుపోయి, పీడనం ఉన్నా గాలి నిజంగానే వెళ్ళకపోతూ ఉండవచ్చు. పాత డీజిళ్ళలో ఇది బాగా తెలిసిన జబ్బే. మూడో సందర్భంలో సెన్సర్ అమాయకుడు.

గొట్టం సంగతి చేత్తో తడిమి, వంచి, టార్చిలైటు వేసి చూశాను. చలికి రబ్బరు గట్టిపడి పగలడం ఇక్కడ మామూలే, నాది బాగానే ఉంది. కొందరు పెట్రోలు కార్లకి చేసినట్టు గొట్టం మీద మండే స్ప్రే కొట్టి ఇంజను వేగం పెరుగుతుందేమో చూడమంటారు. డీజిల్‌కి ఆ పని ఎప్పుడూ చెయ్యకండి. ఆ స్ప్రేనే ఇంధనమైపోతుంది, గాలి ఆపడానికి రెక్క లేదు, ఇంజను చేతిలోంచి పోతుంది.

మిగిలిన ఇద్దరినీ విడదీసే పరీక్ష చవకైనది. ఇంజను ఆపి, గాలి సెన్సర్ ప్లగ్గు పీకేసి, నడిపి చూడటం. సంకేతం అసలే లేకపోతే ఈసీయూకి తప్పు తెలుస్తుంది. లైటు వేసి, పీ0102 అని రాసుకుని, సెన్సర్ బదులు తన దగ్గరున్న అంచనా విలువ వాడుతుంది. గాలి నిజంగా ఉంటే ఇప్పుడు ఇంధనం తగినంత పడి బలం వస్తుంది. గొట్టాలు మసితో మూసుకుపోయి ఉంటే, లేని గాలికి ఇంధనం పోసినట్టై నల్లపొగ వస్తుంది.

పీకేశాను. హెండే మీదకి ఎక్కే దారిలో బండి గుర్రంలా దూకింది. అద్దంలో చూస్తే పొగ జాడ లేదు. నోరు మూయించగానే నిజం తెలిసిపోయింది.

ఈ పరీక్ష అన్ని కార్లకీ చెల్లదని చెప్పాలి. కొన్ని ఈసీయూలు ప్లగ్గు పీకితే జాగ్రత్తకోసం బలం తగ్గించేస్తాయి, అప్పుడు ఫలితం ఏమీ చెప్పదు. మసి ఫిల్టరు ఉన్న కొత్త డీజిళ్ళని ఇలా పది నిమిషాలకన్నా తిప్పకపోవడం మంచిది.

మరి టర్బో?

గ్యారేజీవాళ్ళు అబద్ధం చెప్పలేదు. పీడనం నిజంగానే తక్కువ ఉంది. కాని టర్బోని తిప్పేది పొగగొట్టంలో పోయే వేడి వాయువు. ఇంధనం తక్కువ పడితే ఆ వేడీ తక్కువే. పైగా ఈసీయూ కూడా తక్కువ ఇంధనానికి తక్కువ పీడనమే కోరుతుంది. సెన్సర్ తక్కువ గాలి చెప్పింది, దాంతో ఇంధనం తగ్గింది, దాంతో పీడనం తగ్గింది. వాళ్ళు గొలుసు చివరి కొక్కెం పట్టుకుని అదే మొదలనుకున్నారు. డేటాబేసు నెమ్మదించిందని కొత్త సర్వరు కొనేశాక, అసలు తప్పు కాన్ఫిగరేషన్ ఫైల్లో ఒక అంకె అని తేలిన ప్రాజెక్టులో నేనూ ఉన్నాను. ఆ సర్వరు సిఫార్సు చేసినవాళ్ళలో నా పేరూ ఉంది. కాబట్టి వాళ్ళని ఏమీ అనలేకపోయాను. ఆ రెండు వేల ఎనిమిది వందలు పెట్టి టర్బో మార్చి ఉంటే, కొత్త టర్బో కూడా అదే 170 చూపించి ఉండేది. అప్పుడు బహుశా డీజిల్ పంపు మార్చమనేవారు.

మొదట సెన్సర్‌ని శుభ్రం చేసి చూశాను. దానికోసమే అమ్మే స్ప్రే ఉంటుంది. బ్రేకులు కడిగేది వాడకూడదు, దూదితో తుడవకూడదు, ఆ పొర వేలు తగిలితేనే పోతుంది. ఆరబెట్టి మళ్ళీ కొలిస్తే 56 శాతం కాస్తా 60 అయింది. అంతకుమించి కదల్లేదు. సరే అని కొత్తది తెప్పించాను. చవకవి, డబ్బా మీద పేరున్నా లోపల నకలువి చాలా తిరుగుతున్నాయి. నేను వాటి జోలికి పోలేదు, రెండు వందల డాలర్ల పైన అయింది. రెండు మరలు, ఒక ప్లగ్గు, పది నిమిషాల పని.

మళ్ళీ అదే రోడ్డు, అదే మూడో గేరు, 3000 చుట్లు. పీడనం 200 కిలోపాస్కల్స్, ఉష్ణోగ్రత 35. లెక్క ప్రకారం సెకనుకి 107 గ్రాములు, సెన్సర్ చెప్పింది 91. ఇంజను ఎనభై ఐదు శాతం నిండుతోంది. అరిగిపోయిందన్న టర్బో అదనంగా ముప్ఫై కిలోపాస్కల్స్ ఇచ్చింది. ఆ 0.85ని స్క్రిప్టు పైన ఒక వ్యాఖ్యగా, తేదీతో సహా రాసిపెట్టుకున్నాను. ఈసారి అనుమానం వస్తే పోల్చుకోవడానికి ఆధారం ఉంటుంది. మొదటే ఉండి ఉంటే మూడు నెలలు తిరిగేవాణ్ణి కాదు.

ఒక ప్రశ్న మిగిలింది. అంత దుమ్ము సెన్సర్ మీదకి ఎలా వచ్చింది? దానికి ముందు గాలి ఫిల్టరు ఉంటుంది కదా. పెట్టె మూత విప్పి చూస్తే ఫిల్టరు బాగానే ఉంది గాని, దాన్ని దాటాక ఉండే శుభ్రమైన గదిలో సన్నటి ఇసుక. చలికాలంలో మంచు మీద టైర్లు జారకుండా ఇక్కడ రోడ్ల మీద ఇసుక చల్లుతారు, ఆ ఇసుకే. పెట్టె మూతకి నాలుగు క్లిప్పులు. బ్యాటరీ వైపు, కంటికి కనపడని మూల ఉన్న నాలుగోది ఊడి వేలాడుతోంది. ముందటి అక్టోబరులో నూనె మార్పించినప్పుడు ఎవరో ఫిల్టరు చూసి మూసేటప్పుడు దాన్ని వదిలేసి ఉంటారు. ఇసుక దులిపి, నాలుగు క్లిప్పులూ బిగించాను. మా ఆవిడ వరండాలోంచి చూస్తూ, "ఇంతకీ ఎంతయింది?" అని అడిగింది. చెప్పాను. ఆ శనివారం మా అమ్మాయిని ఈతకి తీసుకెళ్ళడానికి డీజిల్ కారు తాళాలు ఆవిడే తీసుకుంది.